చిలుక ముద్దే... మరి ఆ పొడి మాటేమిటి?

ఇంట్లో చిలుక ఉంటే ఆ సందడే వేరు. పొద్దున్నే ఈల వేసి అందర్నీ లేపుతుంది. కాలింగ్ బెల్ మోగితే మనకంటే ముందు అదే పలుకుతుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు బ్యాగులు పడేసి ముందు దాని దగ్గరికే పరిగెడతారు. ఈ ముచ్చటంతా ఒకెత్తు, పంజరం చుట్టూ పేరుకునే తెల్లటి పొడి ఒకెత్తు. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికల్లా వేలితో పేరు రాయొచ్చు. టీపాయ్ మీద, సోఫా మీద, దేవుడి పటాల మీద... ఎక్కడ చూసినా పౌడరు చల్లినట్టే ఉంటుంది. ఫ్యాను వేస్తే నూగు ఈకలు గదంతా తేలతాయి.

పక్షి కావాలని మారాం చేసేది పిల్లలు. ముచ్చటపడి కొనుక్కొచ్చేది వాళ్ల నాన్న. రోజూ పంజరం కింద ఊడ్చేది మాత్రం చాలా ఇళ్లలో అమ్మే. ఊడ్చేటప్పుడు లేచే పొడిని అందరికంటే ఎక్కువగా పీల్చేదీ ఆమే. కాబట్టి ఈ పొడి సంగతేమిటో, దాన్ని ఎలా అదుపులో పెట్టాలో ముందుగా తెలియాల్సింది ఆమెకే.

అది మురికి కాదు

మొదట ఒక అపోహ తీసేద్దాం. చిలుక ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతోందంటే దానికి జబ్బు చేసిందనో, శుభ్రంగా లేదనో అనుకోనక్కర్లేదు. చాలా రకాల చిలుకలకు పైకి కనిపించే ఈకల కింద మరో రకం మెత్తటి ఈకలు ఉంటాయి. వీటి కొసలు ఎప్పటికప్పుడు పొడిపొడిగా రాలిపోతుంటాయి. పక్షి ముక్కుతో ఒళ్లు సర్దుకుంటూ ఈ పొడిని మిగతా ఈకలకు పట్టిస్తుంది. దానివల్ల ఈకలు తొందరగా తడవవు, మాసిపోవు. అంటే మనం స్నానం చేసి పౌడరు రాసుకున్నట్టే, దాని పౌడరు దాని ఒంట్లోనే తయారవుతుందన్నమాట!

దీనికి తోడు కొత్త ఈకలు మొలిచేటప్పుడు వాటిపై ఉండే సన్నటి పొర చిట్లి పొట్టులా రాలుతుంది. చర్మం నుంచి చుండ్రులాంటిది రాలుతుంది. ఎండిన రెట్ట, గింజల పొట్టు సరేసరి. మనం ‘దుమ్ము’ అని ఒక్కమాటలో అనేసేది నిజానికి ఇవన్నీ కలిసింది.

అడవిలో అయితే ఇదో సమస్యే కాదు. గుంపులు గుంపులుగా ఎగిరే పక్షుల పొడి గాలికి కొట్టుకుపోతుంది. మన పది అడుగుల గదిలో అది ఎక్కడికి పోతుంది? పైగా ఈ పొడి రేణువు ఒక మైక్రాన్ దాకానే ఉంటుంది. మన తలవెంట్రుక మందంలో అది డెబ్బయ్యో వంతు. అంత సన్నం కాబట్టే గాల్లో చాలాసేపు తేలుతుంది. ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్లిపోతుంది.

ఏ పక్షికి ఎంత?

అన్ని చిలుకలూ ఒకే తీరుగా పొడి రాల్చవు. తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ చుక్కలు ఉండే కాకటీల్, తెల్లటి కాకటూ, బూడిదరంగు ఆఫ్రికన్ గ్రే... ఈ మూడింటికీ పొడి బాగా ఎక్కువ. నల్లచొక్కా వేసుకుని కాకటీల్‌ను భుజం మీద కూర్చోబెట్టుకుంటే సున్నం గోడకు ఆనుకున్నట్టే తెల్లగా అంటుకుంటుంది. మన ఊళ్లలో చాలామంది ‘లవ్‌బర్డ్స్’ అని పిలిచే చిన్న పక్షులు నిజానికి బడ్జీలు. వీటికి పొడి తక్కువే గానీ, ఒక్కదానితో ఎవరూ సరిపెట్టరు కదా! ఆరో ఎనిమిదో చేరితే లెక్క సరిపోతుంది. అసలు లవ్‌బర్డ్స్, మకావ్‌లు కాస్త నయం.

మన రామచిలుక మాట కూడా చెప్పుకోవాలి. మెడ చుట్టూ గులాబీ గీత ఉండే రామచిలుకను గానీ, మన అడవుల్లోని మరే చిలుకను గానీ ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ‘చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఉండేది’ అనేవాళ్లు చాలామందే ఉన్నారు. అప్పుడు ఉన్నదని ఇప్పుడు చెల్లదు. గాయపడిన రామచిలుక దొరికితే అటవీ శాఖవారికి అప్పగించాలి. విదేశీ జాతుల్లోనూ ఆఫ్రికన్ గ్రే, కాకటూ, మకావ్ లాంటివి ఉంటే 2024 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ‘పరివేష్’ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించాలి. కాకటీల్‌కు, బడ్జీకి ఆ బాదరబందీ లేదు.

చీపురుతోనే చిక్కంతా

పంజరం కింద ఊడ్చేటప్పుడు కిటికీలోంచి పడే ఎండలో చూడండి. చీపురు కదిలిన ప్రతిసారీ పొగలాగా లేస్తుంది. కింద పడి ఊరుకున్న పొడిని మళ్లీ మనమే ముక్కు దాకా లేపుతున్నామన్నమాట. పొడిగుడ్డతో దులిపినా అంతే. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే చాలనుకుంటాం. ఒక మైక్రాన్ రేణువుకు చీర కొంగు అడ్డమా?

అందుకే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: ముందు తడి, తర్వాత తుడుపు.

పంజరం ట్రేలో న్యూస్‌పేపరు పరచండి. ఇసుక, రంపపు పొట్టు వద్దు. వాటి దుమ్ము వాటికి ఉంటుంది. రోజూ పేపరు తీసే ముందు ఫ్యాను ఆపేయండి. స్ప్రే బాటిల్‌తో పేపరు మీద నీళ్లు చల్లండి. రెట్ట, పొట్టు, ఈకలు తడిసి అంటుకుంటాయి. అప్పుడు నాలుగు మూలలూ లోపలికి మడిచి, పొట్లంలా చుట్టి చెత్త కవర్లో వేసేయండి. తడి పేపరును మాత్రం ట్రేలో అలాగే వదిలేయకూడదు, బూజు పడుతుంది. తడపడం తీసే ముందే.

పంజరం చుట్టూ నేలను తడి మాపుతో తుడవండి. సామాన్లను తడిపి పిండిన గుడ్డతో ఒత్తి తుడిచి, ఆ గుడ్డను అక్కడికక్కడే నీళ్లలో జాడించేయండి. రాత్రిపూట పంజరం మీద కప్పే దుప్పటిని బాల్కనీలో దులపకండి. పొడి మన ఇంట్లోకో, పక్కింట్లోకో వస్తుంది. నేరుగా బకెట్ నీళ్లలో నానబెట్టండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా సన్నటి పొడిని ముందు పీల్చి వెనక నుంచి వదిలేస్తుంది. హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే ప్రయోజనం. అదీ పక్షిని వేరే గదిలో పెట్టాకే వాడాలి, ఆ మోతకు అది బెదిరిపోతుంది.

శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు బిగుతుగా పట్టే ఎన్95 మాస్క్ పెట్టుకోండి. పనమ్మాయి చేస్తుంటే ఆమెకూ ఒకటి ఇవ్వండి. ఆమె ఊపిరితిత్తులూ మనలాంటివే కదా. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది.

వారానికోసారి ట్రే, కర్రలు, గిన్నెలు వేడినీళ్లతో, అంట్లు తోమే సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా జాడించి ఎండలో ఆరబెట్టండి. ఫినాయిలు, బ్లీచింగ్ వాసనలు పక్షికి పడవు. ఈ ఆదివారం పని అమ్మదే కావాలని ఎక్కడా రాసి లేదు. పక్షిని అడిగినవాళ్లకు, తెచ్చినవాళ్లకు వంతులు వేయండి!

దానికీ ఓ స్నానం

పొడి గాల్లోకి లేవకముందే తగ్గించాలంటే తేలికైన దారి స్నానం. వారంలో రెండు మూడుసార్లు పల్చటి పళ్లెంలో నీళ్లు పెడితే చాలా పక్షులు వాటంతటవే మునిగి లేస్తాయి. అలా దిగకపోతే కొత్త స్ప్రే బాటిల్‌లో గోరువెచ్చటి మంచినీళ్లు పోసి, తుంపర పై నుంచి వానలా పడేట్టు చల్లండి. మొహం మీదికి కొట్టకూడదు. సబ్బు, షాంపూ, కొబ్బరినూనె ఏదీ వద్దు. నూనె పూస్తే పొడి అణుగుతుందని కొందరు రాస్తుంటారు. ఈకలు అట్టకట్టి పక్షి ఒంటి వేడి నిలవదు, ప్రాణానికే ముప్పు.

పొద్దుటిపూటే స్నానం చేయించండి, చీకటి పడేలోగా ఆరిపోవాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టొద్దు. కొన్ని డ్రయ్యర్ల లోపలి పూత వేడెక్కితే పక్షులకు విషమయ్యే వాయువులు వస్తాయి.

తిండి కూడా చూసుకోవాలి. పొద్దుతిరుగుడు గింజలే పోస్తూ ఉంటే విటమిన్ ఎ చాలక చర్మం పొడిబారుతుంది, పొట్టు ఎక్కువ రాలుతుంది. క్యారెట్, తీపి గుమ్మడి, మునగాకు, కొత్తిమీర, బొప్పాయి ముక్కలు అలవాటు చేయండి. పచ్చిమిరపకాయ వేసినా ఇష్టంగా తింటాయి, పక్షులకు ఆ మంట తెలియదు మరి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, టీ, కాఫీ మాత్రం అసలు పెట్టకూడదు. మిక్చరు, చిప్స్ లాంటి ఉప్పు తిండ్లూ వద్దు.

పొడి బాగా తగ్గితే సంతోషమే గానీ, కాకటూ, ఆఫ్రికన్ గ్రే లాంటి పక్షులకు అది ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే అనుమానించాలి. బూడిద పట్టినట్టుండే నల్లముక్కు నిగనిగలాడటం మొదలైనా, ఈకలు వంకరగా మొలిచి విరిగిపోతున్నా అది ఒక వైరస్ జబ్బు లక్షణం కావచ్చు. వెంటనే పశువైద్యుడికి చూపించండి.

పంజరం ఎక్కడ పెట్టాలి?

పడకగది వద్దు. ఎనిమిది గంటలపాటు అదే గాలి పీలుస్తాం కాబట్టి. వంటిల్లు అసలే వద్దు. పొడి కూరలో పడుతుందనే కాదు, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపేయగలదు. ఎదురెదురుగా గాలి ఆడే హాల్లో, కిటికీకి దగ్గరగా ఉంచితే మేలు. వెలుతురు, గాలి వచ్చే బాల్కనీ అయితే ఇంకా మంచిది. అయితే పిల్లులు, కాకులు, కోతుల నుంచి కాపు ఉండాలి, మధ్యాహ్నం ఎండ నేరుగా పడకూడదు. పంజరం చుట్టూ తివాచీలు, బరువైన పరదాలు లేకుండా చూసుకోండి. ఉతకడానికి వీలైన నూలు పరదాలైతే పొడి వాటితోపాటే పోతుంది.

సీలింగ్ ఫ్యాను కింద, కూలర్‌కు ఎదురుగా పంజరం పెడితే పొడిని ఇల్లంతా మనమే పంచినట్టు. ఏసీ ఉన్న గదిలో అయితే ఆ పొడే గదిలో తిరుగుతుంటుంది. రెండు వారాలకోసారైనా ఏసీ ఫిల్టర్ తీసి కడగాలి.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. స్తోమత ఉంటే కొనొచ్చు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టగల హెపా ఫిల్టర్ ఉన్నదే కొనండి. ఓజోన్ వదిలే రకం వద్దు, అది పక్షికీ మనకూ హానే. పక్షి ఉన్నచోట ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది కాబట్టి ముందు జాలీని వారం వారం శుభ్రం చేయాలి. ఒక్క మాట. ప్యూరిఫయర్ గాల్లో ఉన్నదాన్నే పడుతుంది. సోఫా మీద పడినదాన్ని తుడవాల్సింది మనమే.

ఇక వాసన వస్తోందని అగరొత్తులు, సాంబ్రాణి, రూమ్ స్ప్రేలు వాడటం, దోమల చుట్ట వెలిగించడం పక్షి ఉన్న గదిలో మానేయాలి. పక్షుల ఊపిరి తీరు మనకంటే ఎంతో సున్నితం. వాసన వస్తోందంటే ట్రే మార్చాల్సిన వేళ అయిందని అర్థం.

దగ్గు వదలకపోతే...

కొందరికి పక్షి పొడి పడక తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు వస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ఎక్కువవుతుంది. ఇవి వెంటనే తెలిసిపోతాయి కాబట్టి జాగ్రత్తపడతాం. తెలియకుండా వచ్చేది ఇంకొకటి ఉంది. పక్షి పొడిలో, రెట్టలో ఉండే మాంసకృత్తులకు కొందరి ఊపిరితిత్తులు ఎదురుతిరిగి లోపలే వాస్తాయి. డాక్టర్లు దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు.

ఇది రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, పంజరం శుభ్రం చేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఏదో వైరల్ జ్వరం అనుకుని వదిలేస్తాం. రెండోది చాప కింద నీరులాంటిది. నెలల తరబడి పొడిదగ్గు. ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం. బరువు తగ్గడం, నీరసం. ‘వయసు మీద పడుతోంది’, ‘రక్తం తక్కువైందేమో’ అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. టీబీ అనో, ఆస్తమా అనో పొరబడే అవకాశమూ ఉంది. అలాగే వదిలేస్తే ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడతాయి. ఆ తర్వాత అవి మామూలు స్థితికి రావడం కష్టం.

పట్టుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. పుట్టింటికి వెళ్లి పది రోజులు ఉంటే దగ్గు తగ్గుతోందా? ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ మొదలవుతోందా? అలా అయితే అనుమానం ఇంటిలోని గాలి మీదే. ఏళ్లుగా ఉన్న దగ్గుకు మాత్రం ఈ తేడా కనిపించకపోవచ్చు. ఏదైనా సరే, మూడు వారాలు దాటిన దగ్గుకు ఛాతీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ‘మా ఇంట్లో పక్షి ఉంది’ అని ఆయన అడక్కముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో స్కానింగ్, రక్తపరీక్ష సరైన దారిలో సాగుతాయి.

ఇది ఎక్కడో విదేశాల్లో వచ్చే జబ్బు అనుకోవద్దు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో మన దేశంలోని 19 నగరాల్లో, 27 కేంద్రాల్లో ఊపిరితిత్తులు గట్టిపడే తరహా జబ్బులున్న 1,084 మందిని పరిశీలించారు. అందులో 47.3 శాతం మందికి ఉన్నది ఈ హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిసే. వాళ్లలో దాదాపు సగంమంది ఎయిర్ కూలర్లు వాడేవాళ్లు. కూలర్ గడ్డిలో పట్టే బూజు కూడా పక్షి పొడి లాగే ఊపిరితిత్తులను రెచ్చగొడుతుంది. కాబట్టి ఇంట్లో పక్షీ, కూలరూ రెండూ ఉన్నవాళ్లు రెట్టింపు జాగ్రత్త పడాలి. వారానికోసారి కూలర్ తొట్టి ఖాళీ చేసి ఆరబెట్టాలి, ఏటా గడ్డి మార్చాలి. చిలుక లేకపోయినా బాల్కనీలో పావురాలు గూళ్లు కట్టే అపార్ట్‌మెంట్ల వాళ్లకూ ఇదే హెచ్చరిక.

ఇంకొకటి సిట్టకోసిస్. ఇది ఎలర్జీ కాదు, సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జ్వరం. జబ్బు చేసిన పక్షి రెట్ట ఎండి పొడిగా ఎగిరితే మనకు సోకుతుంది. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, పొడిదగ్గు లక్షణాలు. తగిన యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. పక్షి ముడుచుకు కూర్చున్నా, ఆకుపచ్చగా నీళ్ల రెట్ట వేస్తున్నా దాన్ని విడిగా ఉంచి పశువైద్యుడికి చూపించాలి.

పంపించాల్సి వస్తే

హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని డాక్టరు తేల్చి చెప్పాక మాస్కులు, ప్యూరిఫయర్లు సరిపోవు. పక్షి ఇల్లు మారాల్సిందే. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది. పిల్లలు ఏడుస్తారు. ‘నాకేం కాలేదు, మందులు వాడుకుంటాలే’ అని అమ్మే సర్దుకుపోవాలని చూస్తుంది. దగ్గరుండి సర్దిచెప్పాల్సింది అప్పుడు ఇంట్లో మిగతావాళ్లు. పక్షులంటే ఇష్టం, అనుభవం ఉన్న ఇంటికి దాన్ని అప్పగించండి. జాలిపడి ఆకాశంలోకి వదిలేయకండి. పంజరంలో పుట్టిన విదేశీ పక్షి మన ఎండల్లో, కాకుల మధ్య బతకలేదు. పక్షి వెళ్లాక కూడా దాని పొడి పరుపుల్లో, పరదాల్లో, గోడల మీద నెలల తరబడి ఉండిపోతుంది. ఇల్లంతా తడిగుడ్డతో తుడిపించి, పరదాలు ఉతికించి, వీలైతే సున్నాలు వేయించాలి. ఈ పని జబ్బుపడినవాళ్లు చేయకూడదు.

చేతిలో ఉంచుకోవాల్సిన పట్టిక

రోజూ: పేపరు తడిపి తీయడం, పంజరం చుట్టూ తడిగుడ్డ పెట్టడం, నీళ్ల గిన్నె కడగడం. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం.

వారానికోసారి: పంజరం కడగడం, కప్పే గుడ్డ నానబెట్టి ఉతకడం, ప్యూరిఫయర్ జాలీ, కూలర్ తొట్టి శుభ్రం చేయడం. రెండు మూడు స్నానాలు.

రెండు వారాలకోసారి: ఏసీ ఫిల్టర్ కడగడం.

నెలకోసారి: పరదాలు ఉతకడం, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవడం, పంజరం వెనక గోడ కడగడం.

ఇంకా కొనని వాళ్లు ఒక పని చేయండి. అలాంటి పక్షి ఉన్న ఇంటికి వెళ్లి ఓ గంటసేపు కూర్చోండి. దాన్ని చేతిమీద ఆడించండి. వీలైతే ఆ ఇంటివాళ్లతోపాటు పంజరం శుభ్రం చేసి చూడండి. ఆ రాత్రి, మర్నాడు ఎవరికైనా దగ్గు, ఆయాసం వచ్చిందేమో గమనించండి. రాలేదంటే పూర్తి హామీ అని కాదు గానీ, వస్తే మాత్రం కొనే ఆలోచనే మానుకోవచ్చు. కాకటీల్ పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. అంటే ఈరోజు పక్షి కావాలని అడిగిన ఐదో తరగతి పిల్లాడు ఉద్యోగానికి వెళ్లిపోయాక కూడా అది మీ హాల్లోనే ఉంటుంది. అన్నాళ్లూ రోజూ ఆ పేపరు ఎవరు తీస్తారో, పంజరం ఇంటికి రాకముందే అందరూ కూర్చుని తేల్చుకోండి.